పన్నెండో మీటరు దగ్గర జీపు

ఎనిమిదీ పదికల్లా జీపు ముందు చక్రాలు కనిపించడం మానేశాయి. వెనక చక్రాలు ఇంకా సగం దాకా పైకి ఉన్నాయి కానీ, బురదమ్మ యాక్సిలరేటరు తొక్కిన ప్రతిసారీ ఆ సగంలోంచి రెండు వేళ్ల మందం లోపలికి పోతోంది.

"ఇక తొక్కకండి మేడమ్," అన్నాడు కిటికీ పక్కన నిలబడ్డ గుద్దుడు. చక్రం చిమ్మిన బంకమట్టి అతని బట్టతల నుంచి బెల్టు దాకా పరుచుకుంది. కళ్లజోడు వెనక రెండు కళ్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. "తిరిగే చక్రం తన గొయ్యి తనే తవ్వుకుంటుందని మీరే కదా రాశారు."

నిజమే. ఆమే రాసింది. నాలుగేళ్లుగా ఆమె రాస్తున్నదల్లా అదే.

ఆమె పనిచేసే చోట పదకొండు మంది కలిసి ఒక కంప్యూటర్ ఆట తయారుచేస్తున్నారు. రోడ్డు లేని చోట జీపులూ లారీలూ నడిపే ఆట. ఇలాంటి ఆటలు ఇదివరకూ ఉన్నాయి, కానీ వాటిలో బురదంటే గోధుమరంగు పూసిన రోడ్డు. ఈ ఆటలో అలా కాదు. తడి మట్టి టైరు గాడుల్లో నిండి టైరును గుండులా నున్నగా చేస్తుంది. బరువు ఎటు ఒరిగితే అటు చక్రం దిగబడుతుంది. నేల లోపలి తడి ఒక లెక్క, పైతడి ఇంకో లెక్క. ఆ లెక్కలన్నీ ఆమెవి. బకెట్లతో మట్టి మోసుకొచ్చి, ఆఫీసు స్నానాలగదిలో తడిపి, దాని మీద బరువులు పెట్టి ఎంత దిగిందో స్కేలుతో కొలిచిన మనిషి. అందుకే అందరూ బురదమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనేవారు, ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు.

గుద్దుడి ఉద్యోగం ఆ ఆటలో ప్రతి బండినీ ప్రతి చెట్టుకూ రాయికీ గుద్ది, ఎక్కడ తేడా వస్తోందో చెప్పడం. దీనికి ముందు పదిహేనేళ్లు డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పాడు. గుద్దకూడదని చెప్పీ చెప్పీ విసిగిపోయి ఇటొచ్చానంటాడు.

ఈ రోజు పదకొండు గంటలకు ఆటను విడుదల చేసే కంపెనీ తరఫున ఒక పెద్దాయన వస్తున్నాడు. అడవుల్లో ఇరవై ఏళ్లు దుంగల లారీ నడిపిన మనిషి. ఆయన పెట్టిన షరతు ఒకటే: అసలు బండిని అసలు నేల మీద చూస్తాను, అదే బండిని అదే నేల మీద ఆటలో చూస్తాను, రెండూ ఒకటైతే సంతకం పెడతాను. ఆయన సంతకం పెడితే ఆట దుకాణాల్లోకి వెళ్తుంది. పెట్టకపోతే పదకొండు మందీ ఇంటికి వెళ్తారు.

నేల దొరికింది. ఊరి చివర మూసేసిన ఇటుక బట్టీ వెనక, మట్టి తవ్వి తీసిన పెద్ద మైదానం. దాన్ని అంగుళం అంగుళం కొలిచి ఆటలోకి ఎక్కించారు. బండి కూడా దొరికింది. బురదమ్మ మామగారి జీపు.

అసలు గొడవంతా అక్కడే ఉంది. మామగారు రోడ్ల ఆఫీసులో హెడ్ క్లర్కుగా పదవీ విరమణ చేశారు. ఆయన సర్వీసులో ఒక్క కామా తప్పిన ఉత్తరం కూడా గుమ్మం దాటలేదట. ఆ జీపును ముప్పై ఏళ్లుగా ఆయన తప్ప ఎవరూ కడగలేదు. "ఈ బండి పుట్టిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా దిగబడలేదు" అన్న మాట ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ కాఫీతో పాటు అందేది. పదిహేను రోజుల కిందట బురదమ్మ ఇంట్లో కంప్యూటరు ముందు ఆయన్ని కూర్చోబెట్టి, ఆటలో ఆయన జీపును చూపించింది. నంబరు ప్లేటు దగ్గర్నుంచి అద్దం మీద గీత దాకా అన్నీ ఉన్నాయని ఆయన మురిసిపోయారు. అయిదు నిమిషాలకు ఆ జీపు ఆటలోని బంకమట్టిలో దిగబడింది. ఆయన కుర్చీలోంచి లేచి, "ఇది నా బండి కాదు" అని మాత్రం అని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆట ఊసు ఎత్తలేదు. మర్చిపోయి ఉంటారని ఆమె అనుకుంది.

నిన్న తాళాలు అడిగితే దేనికన్నారు. ఫొటోలకు, అంది. ఒక షరతు మీద ఇచ్చారు. బండి చక్రం రోడ్డు దిగకూడదు.

ఇప్పుడు నాలుగు చక్రాలూ రోడ్డుకు పన్నెండు మీటర్ల దూరంలో ఉన్నాయి, అందులో రెండు భూమి లోపల.

ఆమెకు అర్థంకానిది ఒక్కటే. నిన్న మధ్యాహ్నం వాన పడగానే, ఆటలో కూడా అంతే వాన కురిపించి జీపును ఇదే దారిలో ముప్పైసార్లు నడిపింది. ముప్పైసార్లూ నలభై సెకన్లలో అవతలి గట్టెక్కింది. ఇంత సులువుగానా అని ఒక్క క్షణం అనిపించింది కానీ, బండి అంత మంచిదేమో, మామగారి మాటే నిజమేమో అని సరిపెట్టుకుంది. పెద్దాయన వచ్చేలోగా ఒకసారి నిజంగా కూడా నడిపి చూద్దామని పొద్దున్నే వచ్చారు. అదీ ఈ ఉదయపు ప్రణాళిక.

"వ్యానుతో లాగేద్దామా?" అన్నాడు గుద్దుడు. ఆఫీసు వ్యాను రోడ్డు అంచున ఉంది. ఇనుప తాడు కూడా ఉంది.

వేరే ఎవరైనా అయితే కాలితో నేలను తొక్కి చూసేవారు. వీళ్లిద్దరూ జీపు బానెట్ మీద ల్యాప్‌టాప్ తెరిచారు. ఆటలో జీపును పన్నెండో మీటరు దగ్గర నిలబెట్టి, వ్యానుకు తాడు కట్టి లాగించారు. జీపు వెన్నముద్దలా జారుకుంటూ ఏడు సెకన్లలో రోడ్డెక్కింది.

"ఏడు సెకన్లు," అంది బురదమ్మ. పోయిన ప్రాణం లేచొచ్చింది.

నిజం వ్యాను నిజం తాడును బిగించింది. చక్రాలు గిర్రున తిరిగాయి. జీపు బయటికి రాలేదు, వ్యానే లోపలికి వెళ్లింది. గట్టు మీద నుంచి వెనక్కి జారి, ముచ్చటగా, తొందరేమీ లేకుండా, తలుపుల దాకా కూర్చుంది.

గుద్దుడు వ్యాను కిటికీలోంచి బయటికి పాకి వచ్చాడు. ఇద్దరూ ల్యాప్‌టాప్ వైపు చూశారు. అక్కడ తెర మీద జీపూ వ్యానూ రోడ్డు పక్కన నిగనిగలాడుతూ నిలబడి ఉన్నాయి.

"ఆట తప్పంటారా?" అన్నాడు గుద్దుడు మెల్లగా.

"ఆట తప్పు కాదు. ఆ లెక్కలు నేను ఎనిమిది వందల సార్లు సరిచూశాను. నేలే ఎక్కడో తప్పు చేస్తోంది."

అప్పుడే ఆమె ఫోను మోగింది. మామగారు. ఫొటోలు ఎంతవరకొచ్చాయని అడిగారు. బాగా వస్తున్నాయంది. బండి మొత్తం పడుతోందా అన్నారు. ఆమె ఒకసారి జీపు వైపు చూసి, మొత్తం కాదు మామయ్యగారూ, పైభాగం మీద ఎక్కువ దృష్టి పెట్టాం, అంది. అదే మంచిదట, టాపు కొత్తగా వేయించారట. అంతటితో ఆగలేదు. ముప్పై ఏళ్ల బండికి ఫొటోలు తీస్తుంటే పక్కన యజమాని లేకపోతే ఎలాగని ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారట, అత్తగారిని కూడా తయారవమన్నారట. ఎక్కడికి రావాలి అని అడిగారు. ఆఫీసుకు రండి, అనేసింది. ఇక్కడికి రాకుండా ఉంటే చాలు.

ఆ ఒక్క మాట ఎంత దూరం తీసుకెళ్తుందో అప్పటికి ఆమెకు తెలియదు.

తొమ్మిదింటికి బట్టీ దారిలో ఒక ట్రాక్టరు కనిపించింది. గుద్దుడు చేతులూపుతూ పరిగెత్తాడు. ట్రాక్టరాయన దిగి, నేల అంచున మడమ నొక్కి చూసి, తల అడ్డంగా ఊపాడు. ఇది పైకి గట్టిగా కనిపించే రకమట, కింద మెత్తనట, తన బండి కూడా దిగుతుందట. ముప్పై సెకన్లలో, ఒక్క మడమతో, ఆయన బురదమ్మ నాలుగేళ్ల పరిశోధన మొత్తం చెప్పేశాడు. వాళ్లు మాత్రం వినలేదు. ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టారు. ఆటలో ట్రాక్టరు కట్టారు. ట్రాక్టరూ వ్యానూ జీపూ ఒకదాని వెనక ఒకటి, రైలుబండిలా బయటికొచ్చాయి.

ఆయన తెరను చాలాసేపు చూశాడు. "ఈ డబ్బా చెప్పిందా?"

"ఇది చెప్పిందంటే జరిగినట్టే," అంది బురదమ్మ. ఆ గొంతులో నమ్మకం అంత గట్టిగా ఉంది కాబట్టి ఆయన ఎక్కాడు.

తొమ్మిదీ ఇరవైకి ట్రాక్టరు కుడి పెద్ద చక్రం పాత మట్టిగోతిలో దిగింది. బండి ఒక పక్కకు ఒరిగి, ఏదో ఆలోచిస్తున్నట్టు అలాగే ఆగిపోయింది. ట్రాక్టరాయన ఒరిగిన సీటు మీదే నిటారుగా కూర్చుని, "ఇప్పుడేం చెయ్యాలో మళ్లీ డబ్బానే అడగండి," అన్నాడు.

ఇంతలో ఆఫీసులో జరిగింది వేరు. పదకొండింటికి రావలసిన పెద్దాయన రోడ్డు ఖాళీగా ఉందని పదింటికే వచ్చేశాడు. ఆయన కాఫీ తాగుతుండగా మామగారూ అత్తగారూ వచ్చారు. ఫొటోల కోసం, అన్నారు. ఆఫీసు యజమానికి ఫొటోల సంగతి తెలియదు. జీపు సొంతదారు అనగానే మాత్రం ఆయన ముఖం వెలిగిపోయింది. ప్రదర్శనకు బండి యజమాని స్వయంగా రావడం కంటే ఏం కావాలి? అందరినీ తన కారులో ఎక్కించుకుని బట్టీకి బయల్దేరాడు. కారు దూరంగా మలుపు తిరగడం బురదమ్మ చూసింది. ముందు సీట్లో ఇస్త్రీ చొక్కాను కూడా చూసింది.

యజమానికి అంత దూరం నుంచి కనిపించింది ఇది: మైదానం మధ్యలో మూడు బండ్లు తాళ్లతో వరసగా నిలబడి ఉన్నాయి. ప్రదర్శనకు అంతా సిద్ధం చేసి ఉంచారన్నమాట. మూడు బండ్లు నిలబడ్డ నేల గట్టిదే అయి ఉండాలి. ఆయన హారను కొట్టి, రోడ్డు దిగి, నేరుగా వాళ్ల వైపు నడిపించాడు.

బురదమ్మా గుద్దుడూ రెండేసి చేతులూ పైకెత్తి ఊపారు. స్వాగతం చెబుతున్నారనుకుని యజమాని కూడా చెయ్యి ఊపాడు. కారు ఎనిమిదో మీటరు దగ్గర ఎడమవైపు వంగి, పొట్ట ఆనించి కూర్చుంది.

కారు తలుపు తెరుచుకుంది. అత్తగారు ముందుగా దిగారు. దిగే ముందే చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నారు.

"ఈసారి చెప్పులు పోగొట్టుకోను," అన్నారు ఎవరితోనూ కాకుండా.

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే ఆ పాటికి మామగారు జీపును చూశారు.

ఆయన అరవలేదు. ఆరుగురి మధ్యలోంచి, మోకాళ్ల దాకా దిగబడుతూ, జీపు దగ్గరికి నడిచి, టాపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. తర్వాత వెనక్కి తిరిగారు. "రోడ్డు దిగనన్నావు అమ్మాయ్."

"తప్పయిపోయింది మామయ్యగారూ. ఆటలో దాటేసింది. ముప్పైసార్లు దాటింది."

ఆటలో అనగానే ఆయన ముఖంలో ఏదో మెరిసి మాయమైంది. ఆమె తల దించుకుని ఉంది కాబట్టి చూడలేదు. అత్తగారు చూశారు.

దుంగల లారీ పెద్దాయన మాత్రం ఈ ఇంటి గొడవ వినడం లేదు. ప్యాంటు మడిచి, నాలుగు బండ్ల చుట్టూ తిరిగి, చక్రాల పక్క మట్టిని వేళ్లతో నలిపి, వాసన చూసి, తృప్తిగా తలాడించాడు. అసలు నేల బాగుందట. ఇప్పుడు ఆటలో చూపించమన్నాడు. చూపించక తప్పలేదు. ల్యాప్‌టాప్‌లో జీపు మైదానం మీద తేలిపోతూ నలభై సెకన్లలో అవతలి గట్టెక్కింది. పెద్దాయన తెరను చూశాడు, ఎదురుగా ముందు చక్రాలు కనిపించని జీపును చూశాడు, నోటుబుక్కు మూశాడు.

"ఇది బురద కాదమ్మా. రంగేసిన సిమెంటు. ఇలాంటివి చాలా చూశాను."

నాలుగేళ్లుగా ఆమె ఇతరుల ఆటల గురించి అన్న మాటలే అవి. ఆమె ముఖం చెంపదెబ్బ తిన్నట్టయింది. యజమాని అప్పటికే పెద్దాయనకు ఏదో నచ్చజెప్పడం మొదలుపెట్టాడు. ఆమె ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని బురదలోనే చతికిలబడి, జీపు లెక్కలు తెరిచింది. ఆటలో ప్రతి బండికీ నేల మీద ఎంత పట్టు ఉంటుందో చెప్పే స్లైడరు ఒకటి ఉంటుంది. వేలితో ఇటు జరిపితే తక్కువ, అటు జరిపితే ఎక్కువ. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేలా పెట్టానని ఆమె గర్వపడేది. జీపుకు ఆమె పెట్టిన పట్టు ముప్పై ఒకటి.

స్లైడరు నూరు దగ్గర ఉంది.

తాడు కట్టిన బండ్లన్నిటినీ ఒకే బండిగా, లాగించుకునే బండి పట్టుతో లెక్కగట్టేలా ఆమే రాసింది, యంత్రానికి భారం తగ్గుతుందని. అందుకే జీపుకు కట్టిన ప్రతి బండీ నూరు మార్కులతో గట్టెక్కింది. అందుకే వ్యాను, అందుకే ట్రాక్టరు. అంతా ఒక్కసారిగా తేటపడింది.

ఎవరు జరిపారు? ఆమె పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. ఎవరు ఏ అంకె మార్చినా, పక్కనున్న గడిలో కారణం రాస్తేనే మార్పు నిలుస్తుంది. ఆమె ఆ గడి తెరిచింది. పోయిన ఆదివారం, మధ్యాహ్నం మూడూ నలభై, మార్చినది ఆమె ఇంటి కంప్యూటరు, ఆమె పేరు మీదే. ఆ సమయానికి ఆమె పంటి డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉంది. భర్త ఊళ్లో లేడు. గడిలో కారణం రెండు వాక్యాల్లో ఉంది. మొదటి వాక్యం చదవగానే ఆమెకు తెలిసిపోయింది. ఇలాంటి భాష ఆమె పాత ప్రభుత్వ ఉత్తరాల్లో తప్ప ఇంకెక్కడా చూడలేదు.

ఆమె కారణం గడి మూసేసింది. స్లైడరును ముప్పై ఒకటికి తెచ్చింది. లేచి, పెద్దాయన చొక్కా చెయ్యి పట్టుకుంది.

"ఒక్కసారి. ఒక అంకె మారి ఉంది, సరిచేశాను. ఇంకొక్కసారి చూసి వెళ్లిపోండి."

ఆయన మొహమాటానికి చూశాడు. తెర మీద జీపు బయల్దేరింది. అయిదో మీటరు దగ్గర టైర్ల గాడులు నిండాయి. తొమ్మిదో మీటరు దగ్గర ముందు భాగం ఎడమకు ఒరిగింది. పన్నెండో మీటరు దగ్గర ముందు చక్రాలు కనిపించడం మానేశాయి. పెద్దాయన తల పైకెత్తి నిజం జీపును చూశాడు. ఎడమకు ఒరిగి ఉంది. రోడ్డు నుంచి అడుగులు కొలుచుకుంటూ వెళ్లి వచ్చాడు. పన్నెండు.

"వ్యాను," అన్నాడు. గొంతు మారింది.

వ్యానును కట్టారు. వెనక్కి జారి తలుపుల దాకా కూర్చుంది. ట్రాక్టరును కట్టారు. కుడి పెద్ద చక్రం పాత మట్టిగోతిలో దిగింది. ఒరిగిన సీటు మీది నుంచి మెడ చాచి చూస్తున్న ట్రాక్టరాయన, అచ్చం ఇలాగేనని ఒప్పుకున్నాడు. పెద్దాయనకు ఉత్సాహం ఆగలేదు. యజమాని కారును చూపిస్తూ, ఇది కూడా ఆటలో ఉంటే ఎంత బాగుండేది అన్నాడు.

గుద్దుడు గొంతు సవరించుకున్నాడు. ఉందన్నాడు.

యజమాని అతని వైపు తిరిగాడు. నా కారు ఆటలో ఎందుకుంది?

"ఊరికే సార్. సాయంత్రాలు పని అయ్యాక ఒక చెట్టుకు గుద్దుకుంటుంటాను. మనసు తేలికపడుతుంది."

కారు ఎనిమిదో మీటరు దగ్గర ఎడమవైపు వంగి, పొట్ట ఆనించి కూర్చుంది.

అప్పుడు పెద్దాయన ల్యాప్‌టాప్ తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆటలో దిగబడిన జీపు మీద తన విద్య చూపించాడు. మొదటి గేరు, వెనక గేరు, మళ్లీ మొదటి గేరు. ఊయలలా ఊపాడు. జీపు ఒక్కో ఊపుకూ కాస్త కాస్త పైకి లేచింది, అంచు దాకా వచ్చింది, ఒక్క క్షణం అక్కడే నిలబడి, మెత్తగా వెనక్కి జారిపోయింది. ఆయన చేతులు ఆగిపోయాయి.

"ఈ జారుడు నాకు తెలుసు," అన్నాడు చాలా మెల్లగా. "ఇరవై ఏళ్లు నా నడుముకు తెలుసు. దీన్ని కూడా లెక్కలో పెట్టావా అమ్మా?"

పెట్టానంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, బురద చేతులతో తుడుచుకోకుండా అలాగే ఉంచుకుంది. యజమాని గుద్దుణ్ణి కౌగిలించుకుని, కారు సంగతి గుర్తొచ్చి వదిలేశాడు. పెద్దాయన నోటుబుక్కు తెరిచి, లోపలి నుంచి ఒక కాగితం తీసి, కలం మూత తీశాడు. ఆగాడు.

కాగితంలో ఒక గడి ఉందట. మొదట చూపించినదానికీ తర్వాత చూపించినదానికీ తేడా వస్తే, ఎందుకొచ్చింది, ఎవరి వల్ల వచ్చింది అన్నది నింపకుండా సంతకం చెల్లదట. ఆయన బురదమ్మ వైపు చూశాడు. "ఒక్కటి ముందే చెప్తున్నా. ఆ అంకె మార్చింది నువ్వే అయితే సంతకం పెట్టను. చూపించడానికి ఒక బురద, అమ్మడానికి ఒక బురద ఉంచుకున్నావని అర్థం. వేరే ఎవరైనా అయితే వాళ్ల పేరు చెప్పు, రాసుకుంటా."

ఎవరి పేరు మీద మారిందో చూడమన్నాడు యజమాని. ఆమె ల్యాప్‌టాప్ అందుకుని మూసేసింది. దాన్ని ఆయన తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు. బురదమ్మ కంప్యూటరు తెరవగలిగేది నువ్వొక్కడివే కదా అని గుద్దుడి మీద పడ్డాడు. నా కారును చెట్టుకు గుద్దేవాడు ఏదైనా చేస్తాడన్నాడు, రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు. గుద్దుడు ఊరుకోలేదు. పోయిన వారం బురద కొంచెం తగ్గించమని గొడవ పెట్టింది ఎవరో చెప్పమన్నాడు. ఎవరో అంటే, యజమానే.

ఈ అరుపులన్నిటినీ మించి మామగారి గొంతు లేచింది.

"నాకూ ఆ పేరు కావాలి. ఎవడో అంకె మార్చాడు, దాన్ని నమ్మి మా కోడలు బండి దింపింది. ముప్పై ఏళ్ల బండి. వాడెవడో ఇక్కడే, అందరి ముందూ తేలాలి."

బురదమ్మ మామగారి వైపు చూసింది. ఆయనకు తెలియదని ఆమెకు అర్థమైంది. తను చేసింది మార్పు అని ఆయన అనుకోవడం లేదు. పొరపాటు దిద్దానని అనుకుంటున్నారు. చెబితే ఇంట్లో ఆయన ముఖం ఎలా చూడగలదు? చెప్పకపోతే గుద్దుడి ఉద్యోగం పోతుంది. తనే అని చెబితే సంతకం పోతుంది, పదకొండు మందీ పోతారు.

గుద్దుడికి ఇక పోయేదేమీ లేదు. ఆమె చేతుల్లోంచి ల్యాప్‌టాప్ లాక్కుని, కారణం గడి తెరిచి, పైకి చదివాడు. "ఈ బండి బురదయందు దిగబడునని చూపుట వాస్తవ విరుద్ధము. కావున సవరించడమైనది."

యజమాని మెడ వంచి తెర మీద తనే ఇంకోసారి చదువుకున్నాడు.

"రాసినవాడికి భాష తెలుసు," అన్నారు మామగారు మెచ్చుకోలుగా. ఆ తర్వాత నోరు అలాగే ఉండిపోయింది. మెల్లగా జీపు టాపు వైపు తిరిగి, అక్కడ ఏదో గీత పడిందన్నట్టు వేలితో రుద్దడం మొదలుపెట్టారు.

యజమానికి అర్థం కాలేదు. ఇది ఎవరి భాష, ఎవరు రాశారు అని గద్దించాడు. ట్రాక్టరాయన పై నుంచి, డబ్బానే అడగమన్నాడు. పెద్దాయన కలం గడి మీద ఆనించి ఎదురుచూస్తున్నాడు. బురదమ్మ ఒక అడుగు ముందుకేసింది. నేనే, అనడానికి పెదవులు కదిలాయి.

"నువ్వు ఉండు అమ్మాయ్," అన్నారు అత్తగారు.

చెప్పులు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని ముందుకొచ్చారు. ఆదివారం మధ్యాహ్నం ఆ కంప్యూటరు పక్కన తను కూర్చునే ఉన్నానని చెప్పారు. రెండు వాక్యాలకు నలభై నిమిషాలు పట్టిందట, కావున అన్న మాట దగ్గర కామా పెట్టాలా వద్దా అని ఆలోచించడంతోనే సగం పోయిందట. ఈ బండి దిగబడటం కూడా ఇది మొదటిసారి కాదట. కొన్న ఏడాదే, వాన వెలిశాక, కాలువ గట్టు మీద దిగబడిందట. వెనక నుంచి గంటసేపు తోసింది తనేనట, కొత్త చెప్పుల జత ఆ బురదలోనే ఉండిపోయిందట. ముప్పై ఏళ్లుగా ఆ కాఫీ మాట విన్న ప్రతిసారీ తన చెప్పులు గుర్తొచ్చేవట.

మామగారు టాపు రుద్దడం ఆపలేదు.

పెద్దాయన మర్యాదగా కలం ఎత్తి అడిగాడు. "పేరేం రాయమంటారమ్మా?"

"రాసుకోండి బాబూ," అన్నారు అత్తగారు. "కారణం, మావారు."

గడి చిన్నదే కానీ, కారణం అందులో సరిగ్గా పట్టింది.